మంచులో ఈస్ట్ ఎలా బతుకుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

మైక్రోబయాలజీ చదివే పిల్లలు, ఇంట్లో బ్రెడ్ చేసుకునేవాళ్ళు, అంటార్కిటికా గురించి చదివి ఆసక్తి పుట్టినవాళ్ళు, అందరూ తిరిగి తిరిగి అవే సందేహాలు అడుగుతున్నారు. అందుకని జవాబులన్నీ ఒకచోట పెట్టాను. దేనికది విడిగా చదువుకోవచ్చు. డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.

చదివేటప్పుడు ఒక్క విషయం మనసులో ఉంచుకోండి. ఈస్ట్‌కి ఉత్త చలి వల్ల జరిగే నష్టం తక్కువ. నీళ్ళు గడ్డకట్టడం, కణానికి నీళ్ళు అందకపోవడం, గడ్డకట్టింది మళ్ళీ కరగడం, అసలు ప్రాణాంతకమైనవి ఇవే.

## మొదట తెలుసుకోవలసినవి

ఈస్ట్ అంటే బ్రెడ్‌లో వేసే పొడే కదా? దానికి మంచులో ఏం పని?

బ్రెడ్‌లో వేసేది శాకరోమైసిస్ సెరివిసియే అనే ఒకే ఒక్క జాతి. శిలీంధ్రాల్లో దారాల్లా అల్లుకోకుండా ఒంటి కణంగా బతుకుతూ, చాలావరకు మొగ్గ తొడిగి పిల్లకణాన్ని పుట్టించే వాటన్నిటినీ ఈస్ట్‌లనే అంటారు. ఇప్పటికి పేరు పెట్టిన జాతులే 1,500 దాటాయి. కల్లుకుండలో, పూల మకరందంలో, ఆకుల మీద, మట్టిలో, సముద్రంలో, హిమానీనదాల్లో కూడా ఉంటాయి. మంచు ప్రాంతాల్లో దొరికేవి ఎక్కువగా బాసిడియోమైసిటీస్ వర్గానివి, అంటే పుట్టగొడుగులకు చుట్టాలు. బ్రెడ్ ఈస్ట్ ఆస్కోమైసిటీస్ అనే వేరే శాఖకు చెందింది. కాబట్టి బ్రెడ్ ఈస్ట్ స్వభావాన్ని బట్టి మంచులో ఈస్ట్‌ని అంచనా వేస్తే లెక్క తప్పుతుంది.

సైక్రోఫైల్, సైక్రోటాలరెంట్ అని రెండు మాటలు వాడతారు. తేడా ఏమిటి?

1975లో రిచర్డ్ మోరిటా చెప్పిన నిర్వచనాన్నే ఇప్పటికీ ఎక్కువమంది పాటిస్తున్నారు. 15 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువలో బాగా పెరుగుతూ, 20 దాటితే పెరగలేక, సున్నా దగ్గర కూడా పెరగగలిగేది సైక్రోఫైల్. సున్నా దగ్గర పెరుగుతూనే 20 పైన కూడా హాయిగా ఉండేది సైక్రోటాలరెంట్. ధ్రువప్రాంతాల్లో, కొండల్లో దొరికే ఈస్ట్‌లలో రెండో రకమే ఎక్కువ. వేసవిలో ఎండ తగిలి రాయి పైభాగం వేడెక్కుతుంది, రాత్రికి గడ్డకడుతుంది. అలాంటి చోట రెండు వైపులా సర్దుకోగలిగిన వాటికే లాభం. ఏడాది పొడవునా చలి తగ్గని సముద్రపు మంచు లాంటి చోట్ల నిఖార్సైన సైక్రోఫైల్స్ దొరుకుతాయి.

బతికి ఉండటం, పెరగడం ఒకటేనా?

కాదు. ఎక్కువ గందరగోళం ఇక్కడే వస్తుంది. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఈస్ట్‌ని ఏళ్ళ తరబడి దాచవచ్చు. అక్కడ అది ఏమీ తినదు, పెరగదు, ప్రాణం ఆగిన చోటే ఆగి ఉంటుంది. పెరగడమంటే ఆహారం తీసుకుని, ప్రోటీన్లు తయారుచేసి, మొగ్గ తొడగడం. దానికి ద్రవరూపంలో నీళ్ళు కావాలి. ఎక్కడైనా "ఇంత చలిలోనూ ఈస్ట్ ఉంది" అని చదివితే, అది అక్కడ పెరుగుతోందా, ఊరికే దాగి ఉందా అన్నది ముందు చూడండి.

మరి ఎంత చలి వరకు పెరగగలదు?

ఈస్ట్‌ల విషయంలో బాగా చెప్పుకునే ఉదాహరణ ఫ్రీజర్‌లో పెట్టిన బఠాణీలది. రోడోటొరులా గ్లుటినిస్ అనే గులాబీ రంగు ఈస్ట్ మైనస్ 18 డిగ్రీల దగ్గర కూడా వాటి మీద నెమ్మదిగా పెరిగిందని 1989లో నమోదైంది. అంతకన్నా కిందికి పోతే భౌతికశాస్త్రం అడ్డం పడుతుంది. చుట్టూ మంచు పెరిగేకొద్దీ కణంలోంచి నీళ్ళు బయటికి పోతాయి, లోపలి ద్రవం చిక్కబడుతుంది, చివరికి గాజులా గట్టిపడుతుంది. ఏకకణజీవుల్లో ఇది మైనస్ 10కీ మైనస్ 26కీ మధ్య జరుగుతుందని బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వేకు చెందిన ఆండ్రూ క్లార్క్ బృందం 2013లో చూపింది. గాజైపోయిన కణంలో అణువులు కదలవు, రసాయన చర్యలు సాగవు. కానీ ఆ స్థితిలో కణం చావదు. వెచ్చదనం తగిలితే మళ్ళీ లేస్తుంది.

## చలి మొదలైనప్పుడు (సుమారు 15 నుంచి 0 డిగ్రీల దాకా)

చలి తగలగానే కణంలో ముందు ఇబ్బంది పడేది ఏది?

ఒక్కటని చెప్పలేం, చాలావాటికి ఒకేసారి ఇబ్బంది మొదలవుతుంది. కణం చుట్టూ ఉన్న కొవ్వు పొర బిగుసుకుంటుంది, దానిలో ఉండి ఆహారాన్ని లోపలికి లాగే ప్రోటీన్లు మొరాయిస్తాయి. ఆర్‌ఎన్‌ఏ పోగులు తమకు తామే ముడులు పడి, రైబోజోమ్ (ప్రోటీన్లు తయారుచేసే కణాంగం) చదవడానికి వీల్లేకుండా తయారవుతాయి. ఎంజైమ్‌ల వేగం పడిపోతుంది. నీళ్ళు కూడా చిక్కబడతాయి: 20 డిగ్రీలతో పోలిస్తే సున్నా దగ్గర నీటి జిగట దాదాపు 1.8 రెట్లు. లోపల ఒక అణువు ఇంకో అణువును చేరడానికే ఎక్కువ సేపు పడుతుంది.

బ్రెడ్ ఈస్ట్‌లో ఒక విచిత్రం ఉంది. చలిలో అది మొదట కటకటలాడేది ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లానికి. దాన్ని లోపలికి తెచ్చే టాట్2 అనే ప్రోటీన్ చలిలో సరిగ్గా పనిచేయదు. సొంతంగా ట్రిప్టోఫాన్ తయారుచేసుకోలేని ల్యాబ్ రకాలు 10 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. టాట్2ని ఎక్కువగా తయారుచేసేలా మారిస్తే అవే రకాలు ఆ చలిలో పెరిగాయి.

చలి వచ్చిందని ఈస్ట్‌కి ఎలా తెలుస్తుంది?

పొర బిగుసుకోవడమే దానికి కబురు. బ్రెడ్ ఈస్ట్‌లో పొరలో ఉండే ఎస్‌ఎల్‌ఎన్1 అనే సెన్సర్ ప్రోటీన్ ఆ బిగువును పసిగట్టి, హాగ్1 అనే కైనేజ్‌ని (కబురును ముందుకు అందించే ఎంజైమ్‌ని) మేలుకొలుపుతుంది. దాంతో గ్లిసరాల్ తయారీ పెరుగుతుంది. నిజానికి ఈ ఏర్పాటు ఉప్పు ఎక్కువైనప్పుడు నీళ్ళు కోల్పోకుండా కాపాడుకోవడానికి ఉన్నది. చలికీ అదే పనికొస్తుంది. గడ్డకట్టడం మొదలైతే ఎలాగూ కణం నీళ్ళు కోల్పోబోతుంది కనుక ఈ సన్నాహం వృథా పోదు.

పొర గట్టిపడకుండా ఎలా చూసుకుంటుంది?

చలికాలంలో నెయ్యి పేరుకుపోతుంది, వేరుశనగ నూనె మాత్రం సీసాలో పారుతూనే ఉంటుంది. నెయ్యిలో సంతృప్త కొవ్వు ఆమ్లాలు ఎక్కువ, అవి తిన్నగా ఉండి ఒకదానికొకటి అతుక్కుంటాయి. నూనెలోని అసంతృప్త కొవ్వు ఆమ్లాలకు మధ్యలో వంపు ఉంటుంది, దగ్గరగా సర్దుకోలేవు. చలికి అలవాటుపడిన ఈస్ట్ తన పొరలో ఇదే మార్పు చేసుకుంటుంది: డీశాచురేజ్ అనే ఎంజైమ్‌లతో కొవ్వు ఆమ్లాల్లో వంపులు పెంచుతుంది, కొన్ని జాతులు గొలుసుల పొడవు కూడా తగ్గిస్తాయి.

బ్రెడ్ ఈస్ట్ దగ్గర ఓలే1 అనే డీశాచురేజ్ ఒక్కటే ఉంది. అది ఒక్కో గొలుసులో ఒక్క వంపే పెట్టగలదు. మంచు ప్రాంతాల ఈస్ట్‌లు చాలావాటికి రెండు, మూడు వంపులున్న లినోలెయిక్, లినోలెనిక్ ఆమ్లాలను తయారుచేసే శక్తి ఉంది. సున్నా దగ్గర ఈ రెండు రకాల ఈస్ట్‌ల మధ్య కనిపించే తేడాకి ఒక పెద్ద కారణం ఇదే.

చల్లని చోట ఎంజైమ్‌లు ఎలా పనిచేస్తాయి?

మామూలు ఎంజైమ్ చలిలో బిగుసుకుపోతుంది. మంచు ఈస్ట్‌ల ఎంజైమ్‌లు కాస్త వదులుగా అల్లి ఉంటాయి. అల్లికను కట్టిపడేసే ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాలు, విద్యుదావేశాల మధ్య ఏర్పడే ఉప్పు బంధాలు తక్కువ, ముఖ్యంగా పని జరిగే చోటు చుట్టూ కదలిక ఎక్కువ. అంటార్కిటికాలోని అడెలీ లాండ్‌లో దొరికిన క్రిప్టోకాకస్ అడెలియే అనే ఈస్ట్ నుంచి తీసిన జైలనేజ్ (మొక్కల గోడల్లోని జైలాన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్) దీనికి మంచి ఉదాహరణ. తక్కువ ఉష్ణోగ్రతల్లో మామూలు జైలనేజ్ కంటే చురుగ్గా పనిచేస్తుంది, వేడి తగిలితే త్వరగా విడిపోతుంది. చలిలో పనితనం కావాలంటే వేడికి ఓర్చే గుణం చాలావరకు వదులుకోవలసిందే. నిఖార్సైన సైక్రోఫైల్స్ 25 డిగ్రీల గదిలో కూడా కుదేలవడానికి ఇదొక కారణం.

చల్లని నీటిలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది కదా, అది మంచిదేగా?

ఊపిరికి మంచిదే, కానీ లోపల జీవక్రియ నెమ్మదించి ఉంటుంది. వాడుకోలేని ఆక్సిజన్ నుంచి రాడికల్స్ అనే హానికరమైన, అతి చురుకైన అణువులు పుడతాయి. అందుకే చలికి అలవాటుపడిన ఈస్ట్‌లలో కాటలేజ్, సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ లాంటి రక్షక ఎంజైమ్‌లకు, కెరొటినాయిడ్ రంగులకు అంత ప్రాముఖ్యం.

బ్రెడ్ ఈస్ట్‌ని మెల్లమెల్లగా చలికి అలవాటు చేస్తే మంచు ఈస్ట్ అయిపోతుందా?

అవదు. కానీ అలవాటు వల్ల లాభం మాత్రం నిజం. సున్నాకి దగ్గరగా ఉంచితే బ్రెడ్ ఈస్ట్ ఎంఎస్‌ఎన్2, ఎంఎస్‌ఎన్4 అనే స్విచ్ ప్రోటీన్ల ద్వారా ట్రెహలోస్ చక్కెరని, హెచ్‌ఎస్‌పీ104 లాంటి సహాయక ప్రోటీన్లని పెంచుకుంటుందని 2004లో తేలింది. అలా సిద్ధమైన కణాలు ఆ తర్వాత గడ్డకట్టినప్పుడు ఎక్కువగా బతికాయి. ఒక కణం తన జీవితకాలంలో చేసుకోగలిగిన సర్దుబాటు ఇంతవరకే. పొరలో కొత్త రకం కొవ్వులు, వదులైన ఎంజైమ్‌లు తరతరాల పరిణామం మీద రావలసినవి.

## నీళ్ళు గడ్డకట్టాక

గడ్డకట్టేటప్పుడు కణం చుట్టూ అసలేం జరుగుతుంది?

ఒక నీటి బొట్టులో కొన్ని ఈస్ట్ కణాలున్నాయనుకోండి. మంచు దాదాపు ఎప్పుడూ కణం బయటే మొదలవుతుంది. మంచు స్ఫటికంలో నీటి అణువులకే చోటు, ఉప్పుకీ చక్కెరకీ ఉండదు. కాబట్టి స్ఫటికాలు పెరిగేకొద్దీ వాటి మధ్య సందుల్లో మిగిలిన ద్రవం ఉప్పదనం ఎక్కుతూ పోతుంది. కణాలు కూడా ఆ సందుల్లోకే తోసివేయబడతాయి. బయట ఉప్పు ఎక్కువైంది గనుక లోపలి నీళ్ళు పొర దాటి బయటికి వస్తాయి, కణం ముడుచుకుంటుంది. మైక్రోస్కోప్ కింద చూస్తే నిండుగా ఉన్న గుండ్రటి కణం కళ్ళముందే చిన్నదవుతుంది.

చలి నెమ్మదిగా పెరిగితే కణం ఎండిపోయి ఉప్పు దెబ్బకు గురవుతుంది. మరీ వేగంగా పెరిగితే నీళ్ళు బయటికి వచ్చే వ్యవధి దొరక్క లోపలే మంచు పుడుతుంది, అది లోపలి నిర్మాణాన్ని చీల్చేస్తుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో పీటర్ మజూర్ 1960ల్లో ఈస్ట్ కణాల మీద చేసిన పని వల్లే ఈ రెండు ప్రమాదాల లెక్క స్పష్టమైంది. ఈ రోజు ఆస్పత్రుల్లో పిండాలను, రక్తకణాలను దాచే పద్ధతుల వెనక ఉన్నది కూడా ఈ లెక్కే.

నీళ్ళు త్వరగా బయటికి రావడానికి పొరలో ఆక్వాపోరిన్ అనే నీటి గొట్టాలు ఎక్కువగా ఉన్న బ్రెడ్ ఈస్ట్ రకాలు గడ్డకట్టడాన్ని మెరుగ్గా తట్టుకున్నాయి.

ఫ్రీజర్‌లో ఉంటే చుట్టూ మంచేగా, నీళ్ళకి కరువేమిటి?

మంచుగా ఉన్న నీటిని కణం తాగలేదు. ద్రవంగా మిగిలిన కొద్దిపాటి నీళ్ళలో ఉప్పు, చక్కెర నిండిపోతాయి. దీన్ని కొలిచే వాటర్ యాక్టివిటీ అనే సంఖ్య స్వచ్ఛమైన నీటికి 1. మంచు పక్కన ఉన్న ద్రవానికి మైనస్ 10 దగ్గర సుమారు 0.91, మైనస్ 20 దగ్గర 0.82. చాలా బ్యాక్టీరియా 0.91 దగ్గరే ఆగిపోతుంది. అంటే ఫ్రీజర్‌లో బతకాలంటే చలినే కాదు, ఎడారి లాంటి కరువును కూడా తట్టుకోవాలి. ఎండిన చోట్ల, ఉప్పు ఎక్కువున్న చోట్ల బతకడంలో ఈస్ట్‌లకు మొదటినుంచీ నేర్పుంది. మంచులోనూ అదే కలిసివచ్చింది.

ట్రెహలోస్, గ్లిసరాల్ ఏం చేస్తాయి?

గ్లిసరాల్ లోపలి ద్రవంలో కలిసి గడ్డకట్టే బిందువును కిందికి దించుతుంది, బయటి ఉప్పుతో సరితూగేలా చేసి కణం మరీ ముడుచుకుపోకుండా ఆపుతుంది. ట్రెహలోస్ రెండు గ్లూకోజ్‌లు కలిసిన చక్కెర. నీళ్ళు పోయినప్పుడు పొరనీ ప్రోటీన్లనీ అంటిపెట్టుకుని వాటి ఆకారం చెడకుండా చూస్తుంది. పైగా ద్రవం స్ఫటికంగా మారకుండా గాజులా గట్టిపడటానికి తోడ్పడుతుంది. ఎండిన బ్రెడ్ ఈస్ట్ బతకడానికి కూడా ముఖ్య కారణం ఈ చక్కెరే.

యాంటీఫ్రీజ్ ప్రోటీన్లు చేపల్లో ఉంటాయని చదివాను. ఈస్ట్‌లోనూ ఉంటాయా?

ఉంటాయి. 1969లో అంటార్కిటికా చేపల రక్తంలో ఆర్థర్ డివ్రీస్ వాటిని కనిపెట్టాడు. తర్వాత ఆర్కిటిక్‌లో దొరికిన ల్యూకోస్పోరిడియమ్ ఈస్ట్‌లో, అంటార్కిటికాకు చెందిన గ్లేసియోజైమా అంటార్కటికాలో కూడా మంచుకు అతుక్కునే ప్రోటీన్లు బయటపడ్డాయి. పని మాత్రం కొంచెం వేరు. చేపకి రక్తం అసలు గడ్డకట్టకూడదు. ఈస్ట్ చుట్టూ ఎలాగూ మంచు ఉంటుంది. అది ప్రోటీన్‌ని బయటికి వదిలి, చుట్టూ ఉన్న చిన్న స్ఫటికాలు కలిసిపోయి పెద్దవి కాకుండా ఆపుతుంది. చిన్న స్ఫటికాల మధ్య ద్రవపు సందులు మిగులుతాయి, పెద్ద స్ఫటికాలు కణాన్ని నలిపేస్తాయి.

మంచు ఈస్ట్ కాలనీలు జిగురుగా ఎందుకుంటాయి?

చాలా జాతులు తమ చుట్టూ పాలీశాకరైడ్ జిగురు వదులుతాయి. అది నీళ్ళని పట్టి ఉంచుతుంది, మంచు స్ఫటికాల మొనలు నేరుగా తగలకుండా అడ్డుగా ఉంటుంది. చలి ప్రాంతాల్లో దొరికే నాగానిషియా అనే ఈస్ట్ కాలనీని లూప్‌తో (ల్యాబ్‌లో వాడే సన్నటి తీగ చుట్టతో) తాకితే తీగలా సాగుతుంది.

కొన్ని గులాబీ రంగులో, కొన్ని నారింజ రంగులో ఉంటాయేం?

ఆ రంగులు కెరొటినాయిడ్లు. ఎత్తైన కొండల మీద, ధ్రువాల దగ్గర మంచు వెలుతురుని తిరగగొడుతుంది, అతినీలలోహిత కిరణాల తాకిడి ఎక్కువ. రోడోటొరులాలోని టొరులారోడిన్ లాంటి రంగులు ఆ కిరణాల వల్ల పుట్టే రాడికల్స్‌ని అణచివేస్తాయి. రంగులేని కొన్ని ఈస్ట్‌లు మైకోస్పోరిన్ అనే పదార్థంతో ఆ కిరణాలనే పీల్చేసుకుంటాయి.

మంచు కరిగేటప్పుడే ఎక్కువ చస్తాయంటారు, నిజమేనా?

చాలా సందర్భాల్లో నిజమే. నెమ్మదిగా కరిగితే చిన్న స్ఫటికాలు కలిసి పెద్దవవుతాయి, వాటి వల్ల దెబ్బ తగులుతుంది. ముడుచుకున్న కణంలోకి నీళ్ళు ఒక్కసారి దూసుకొస్తే పొర పగలవచ్చు. జీవక్రియ మళ్ళీ మొదలవగానే రాడికల్స్ ఎగిసిపడతాయి. ఒకసారి గడ్డకట్టి ఏడాదంతా అలాగే ఉండటం కంటే, రోజూ గడ్డకట్టి రోజూ కరగడం ఎన్నో రెట్లు కష్టం. ఆండీస్ పర్వతాల్లో 6,000 మీటర్ల పైన అగ్నిపర్వతపు మట్టిలో పరిస్థితి ఇలాగే ఉంటుంది. అక్కడ దొరికిన నాగానిషియా బంధువు ఒకటి ల్యాబ్‌లో రోజూ గడ్డకట్టి కరిగే చక్రాల మధ్యే పెరగగలిగిందని కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ప్రకటించారు. ఆ మట్టిలో వేరే జీవులు అంతగా లేకపోవడం చూస్తే ఈ చిన్న కణం సామర్థ్యం అర్థమవుతుంది.

## ఎక్కడెక్కడ దొరికాయి

సముద్రపు మంచు గట్టి గడ్డే కదా, అందులో ఎలా ఉంటాయి?

సముద్రపు నీళ్ళు గడ్డకట్టినప్పుడు ఉప్పంతా వెంట్రుకవాసి గొట్టాల్లోకి చేరుతుంది. మైనస్ 10 డిగ్రీల దగ్గర ఆ గొట్టాల్లోని నీరు మామూలు సముద్రపు నీటికి 4 రెట్లు ఉప్పగా ఉంటుంది, కానీ ద్రవంగానే ఉంటుంది. ఆల్గే, బ్యాక్టీరియా, ఈస్ట్ అన్నీ ఆ గొట్టాల్లోనే కాపురం. అంటార్కిటికాలో కేసీ స్టేషన్ దగ్గరి సముద్రపు మంచు నుంచి తీసిన గ్లేసియోజైమా అంటార్కటికా మీద మలేసియా శాస్త్రవేత్తలు చాలా పనిచేశారు, దాని జీనోమ్‌ని 2018లో ప్రచురించారు. 12 డిగ్రీల దగ్గర బాగా పెరిగే ఈ ఈస్ట్ 20 దాటితే పెరగదు.

అంటార్కిటికా డ్రై వ్యాలీస్‌లో (మంచు కప్పని ఎండు లోయల్లో) మట్టి నిర్జీవం అనేవారు. అక్కడ ఈస్ట్ ఉందని ఎలా తెలిసింది?

దీని వెనక ఒక విషాదం ఉంది. అంగారకుడి మీద జీవాన్ని వెతికే పరికరం తయారుచేసిన ఉల్ఫ్ విష్ణియాక్ అనే శాస్త్రవేత్త, ఆ మట్టిలో సూక్ష్మజీవులున్నాయని నిరూపించడానికి అంటార్కిటికా వెళ్ళి, 1973 డిసెంబరులో అస్గార్డ్ పర్వతాల్లో జారిపడి మరణించాడు. ఆయన సేకరించిన మట్టి నమూనాలు ఆయన భార్య, మైక్రోబయాలజిస్టు హెలెన్ విష్ణియాక్ దగ్గరికి చేరాయి. వాటిలోంచి ఆమె ఒక కొత్త ఈస్ట్‌ని వేరుచేసి, ఆయన పేరు మీద క్రిప్టోకాకస్ విష్ణియాకై అని పేరుపెట్టింది. 1979లో అది ప్రచురితమైంది. ఆ మట్టి నిర్జీవం కాదని ఆయన నమ్మింది నిజమేనని ఆ ఈస్ట్ చెప్పింది.

మన హైదరాబాద్ వాళ్ళు ఎవరైనా దీని మీద పనిచేశారా?

చేశారు, అదీ చాలా ముందుగా. హైదరాబాద్ సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ) నుంచి ఎస్. శివాజీ, సంస్థ వ్యవస్థాపకుడు పుష్ప మిత్ర భార్గవ, వారి సహచరులు అంటార్కిటికాలోని షిర్మాకర్ ఒయాసిస్ నుంచి వేరుచేసిన ఈస్ట్‌ల గురించి 1989లోనే ప్రచురించారు. భారత్ మైత్రి స్థావరం ఉన్నది ఆ ఒయాసిస్‌లోనే. తర్వాత అంటార్కిటికా క్యాండిడా హ్యుమికోలా నుంచి చలిలో పనిచేసే ప్రోటియేజ్‌ని (ప్రోటీన్లను విరగ్గొట్టే ఎంజైమ్‌ని) కూడా వాళ్ళు అధ్యయనం చేశారు. 2008లో ఉత్తరాఖండ్‌లో సుమారు 5,000 మీటర్ల ఎత్తున్న రూప్‌కుండ్ సరస్సు నుంచి శివాజీ బృందం రోడోటొరులా హిమాలయెన్సిస్ అనే కొత్త జాతిని వర్ణించింది. మంచు పడని ఊళ్ళో కూర్చుని మంచు జీవుల మీద ఇంత పని జరిగిందన్నది మన విద్యార్థులకు తప్పకుండా తెలియాలి.

లంబసింగిలో చలికాలం సున్నా దగ్గరికి పడుతుంది కదా, అక్కడ దొరుకుతాయా?

చలిని ఓర్చుకునే ఈస్ట్‌లు ఆకుల మీద, మట్టిలో దొరికే అవకాశం బాగా ఉంది, ఆకుల మీద బతికే బాసిడియోమైసిటీస్ ఈస్ట్‌లలో అలాంటివి చాలా ఉన్నాయి. నిఖార్సైన సైక్రోఫైల్స్ కోసం మాత్రం ఆశపెట్టుకోవద్దు. అక్కడ చలి కొన్ని తెల్లవారుజాములకే పరిమితం, మిగతా కాలమంతా ఉష్ణోగ్రత 20 దాటుతూనే ఉంటుంది.

లక్షల ఏళ్ళనాటి మంచులో బతికున్న ఈస్ట్ దొరికిందంటే నమ్మవచ్చా?

సైబీరియాలో సుమారు 30 లక్షల ఏళ్ళనాటి పెర్మాఫ్రాస్ట్ (ఏళ్ళ తరబడి గడ్డకట్టే ఉండే నేల) మట్టిలో సజీవ ఈస్ట్‌ని గుర్తించామని రష్యన్ శాస్త్రవేత్తలు 1997లో ప్రకటించారు. అన్నేళ్ళలో డీఎన్‌ఏ తనంతట తాను కొద్దికొద్దిగా చెడిపోతుంది. కాబట్టి అవి పూర్తిగా నిద్రపోయి ఉండకపోవచ్చు, మట్టి రేణువుల చుట్టూ మిగిలే సన్నటి నీటి పొరలో ఎప్పటికప్పుడు మరమ్మతు చేసుకుంటూ ఉండి ఉండాలన్న వాదన నాకు సబబుగా అనిపిస్తుంది. తవ్వే పరికరాల ద్వారా బయటి ఈస్ట్ కలిసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది గనుక ఇలాంటి ప్రకటన చూసినప్పుడు శుభ్రత ఎలా పాటించారో చదవాలి.

## వంటింట్లో, పరిశ్రమలో

ఫ్రిజ్‌లో పెట్టినా ఇడ్లీ పిండి పులుస్తోంది. చలికి ఈస్ట్ చావదా?

చావదు, నెమ్మదిస్తుంది. అయినా ఇడ్లీ పిండి పులవడంలో ముఖ్యపాత్ర ల్యూకోనోస్టాక్ లాంటి లాక్టిక్ బ్యాక్టీరియాది, ఈస్ట్ పక్కన తోడు. 4 డిగ్రీల దగ్గర రెండూ పని మానవు. పైగా ఫ్రిజ్ తలుపు తీసి వేసినప్పుడల్లా పిండి కొద్దిగా వేడెక్కుతుంది. పిండి రుబ్బిన వెంటనే కావలసినంతే పులవనిచ్చి, మిగతాది లోపలి అరలో పెడితే ఎక్కువ రోజులు ఆగుతుంది.

డ్రై ఈస్ట్ ప్యాకెట్ ఫ్రీజర్‌లో పెట్టవచ్చా?

పెట్టవచ్చు. అందులో నీళ్ళు చాలా తక్కువ కాబట్టి గడ్డకట్టడానికి ఏమీ ఉండదు, గాలి చొరకుండా మూసి పెడితే చాలు. ముద్దగా ఉండే ఫ్రెష్ ఈస్ట్‌లో దాదాపు 70 శాతం నీళ్ళే. దాన్ని ఫ్రీజర్‌లో పెడితే చాలా కణాలు చస్తాయి. ఇంకో మాట: యాక్టివ్ డ్రై ఈస్ట్‌ని చన్నీళ్ళలో నానబెట్టకండి. ఎండిన పొర చలిలో సరిగ్గా అతుక్కోదు, లోపలి గ్లూటాథయోన్ అనే పదార్థం బయటికి కారి పిండి పట్టు లేకుండా సాగిపోతుంది. గోరువెచ్చని నీళ్ళు, సుమారు 40 డిగ్రీలు, సరిపోతాయి.

బ్రెడ్ పిండి ఫ్రీజ్ చేస్తే తర్వాత పొంగడం లేదు. ఎందుకు?

పొంగడం మొదలయ్యాక ఫ్రీజ్ చేసి ఉంటారు. చక్కెర తినడం మొదలుపెట్టిన నిమిషాల్లోనే ఈస్ట్ తన ట్రెహలోస్ నిల్వను కరిగించేస్తుంది, దాంతో గడ్డకట్టడాన్ని తట్టుకునే శక్తి పోతుంది. చల్లటి నీళ్ళతో పిండి కలిపి, పొంగే వ్యవధి ఇవ్వకుండా పల్చటి బిళ్ళలుగా వెంటనే ఫ్రీజ్ చేయండి, ఈస్ట్ కాస్త ఎక్కువ వేయండి.

లాగర్ బీర్ చలిలోనే పులుస్తుందంటారు. ఆ ఈస్ట్ ఎక్కడిది?

లాగర్ ఈస్ట్ శాకరోమైసిస్ పాస్టోరియానస్. బ్రెడ్ ఈస్ట్‌కీ, చలిని ఓర్చే ఇంకో జాతికీ పుట్టిన సంకరం. 7 నుంచి 13 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది. బవేరియాలో 1553 నాటి ఆజ్ఞ వేసవిలో బీర్ తయారీని నిషేధించింది, దాంతో చలికాలపు తయారీలో నిలదొక్కుకున్న ఈస్ట్‌కే అవకాశం దక్కింది. ఆ రెండో జాతి ఏదో చాలాకాలం తెలియలేదు. 2011లో డియెగో లిబ్‌కైండ్ బృందం అర్జెంటీనాలోని పాటగోనియాలో, నోథోఫాగస్ చెట్ల కొమ్మల మీద సిట్టారియా శిలీంధ్రం పుట్టించే బుడిపెల్లో దాన్ని కనిపెట్టింది. పేరు శాకరోమైసిస్ యూబయానస్. ఆ తర్వాత టిబెట్‌లో, ఐర్లాండ్‌లో కూడా దొరికింది. మన దగ్గర అమ్మే బీర్లలో ఎక్కువభాగం లాగరే కాబట్టి, చలి ఈస్ట్ పనితనం తెలియకుండానే మన ఊళ్ళకు వచ్చేసింది.

మంచు ఈస్ట్‌ల ఎంజైమ్‌లు ఇప్పటికే ఎక్కడైనా వాడుతున్నారా?

అన్నిటికంటే పేరున్నది క్యాండిడా అంటార్కటికా లైపేజ్ బి, కొవ్వుల మీద పనిచేసే ఎంజైమ్. మందుల తయారీలో, బయోడీజిల్‌లో, సువాసన ద్రవ్యాల్లో వాడతారు. ఆ ఈస్ట్ అంటార్కిటికాలోని వాండా సరస్సు అడుగు బురదలో దొరికింది. ఇక్కడొక మెలిక ఉంది: ఆ సరస్సు పైన ఏడాది పొడవునా మంచు ఉంటుంది గానీ, ఉప్పు పొరల వల్ల ఎండ వేడి కింద నిలిచిపోయి అడుగు నీరు సుమారు 25 డిగ్రీలు ఉంటుంది. ఈ లైపేజ్ కూడా 60 డిగ్రీల వేడిని ఓర్చుకుంటుంది. పేరులో అంటార్కటికా ఉంది కదా అని దాన్ని చలి ఎంజైమ్ అనుకోవద్దు. చలిలోనే ఉపయోగపడేదానికి ఉదాహరణ కావాలంటే మ్రాకియా బ్లొల్లోపిస్ ఉంది: తూర్పు అంటార్కిటికా సరస్సులో జపాన్ వాళ్ళకు దొరికిన ఈ ఈస్ట్ పాల కొవ్వును చల్లని నీటిలోనే విరగ్గొడుతుంది, డెయిరీ మురుగునీటి శుద్ధికి దాన్ని పరీక్షించారు.

హిమానీనదాలు కరిగితే ఈ ఈస్ట్‌లు మనకు జబ్బు చేస్తాయా?

20 డిగ్రీలు దాటితే పెరగలేని సైక్రోఫైల్‌కి 37 డిగ్రీల మన శరీరం పెద్ద కొలిమి. వాటి వల్ల భయం లేదు. రోడోటొరులా మ్యుసిలాజినోసా లాంటి సర్దుకుపోయే రకాలు మాత్రం రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళలో, రక్తనాళాల్లో గొట్టాలు పెట్టిన రోగుల్లో అరుదుగా ఇన్‌ఫెక్షన్ కలిగిస్తాయి. అయితే అవి బాత్‌రూమ్ పలకల మీదా ఉంటాయి, వాటికోసం మంచు కరగనక్కర్లేదు.

## ల్యాబ్‌లో చేయాలనుకునేవాళ్ళకు

మా కాలేజీలో 37 డిగ్రీల ఇంక్యుబేటర్ ఒక్కటే ఉంది. ప్రాజెక్టు చేయగలమా?

చేయగలరు, ఇంక్యుబేటర్ పక్కన పెట్టి ఫ్రిజ్ వాడండి. కోల్డ్ స్టోరేజీ గోడల మీద తుడిచిన నమూనా, ఫ్రిజ్ రబ్బరు అంచు, పాత జున్ను, ఇవన్నీ మంచి చోట్లు. బ్యాక్టీరియాని ఆపడానికి మాధ్యమంలో క్లోరాంఫెనికాల్ కలపండి. 4 డిగ్రీల దగ్గర కాలనీ కనబడటానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు, అందుకని ప్లేట్లు ఎండిపోకుండా అంచులకు పారాఫిల్మ్ చుట్టండి. పోసిన ప్లేట్లని ముందే చల్లబరచండి, చాలామంది నమూనాను వెచ్చటి అగార్ మీద వేసి, అసలు సైక్రోఫైల్స్‌ని మొదటి నిమిషంలోనే పోగొట్టుకుంటారు. వచ్చిన కాలనీల్ని 4, 15, 25 డిగ్రీల దగ్గర పక్కపక్కన పెంచి చూస్తే ఏది ఏ రకమో తేలిపోతుంది. జాతి తెలియాలంటే డీఎన్‌ఏలో జాతిని గుర్తించడానికి వాడే ఐటీఎస్, డీ1/డీ2 భాగాల సీక్వెన్సింగ్ చేయించాలి.

పాత పుస్తకంలో క్రిప్టోకాకస్ అని ఉంది, ఇప్పుడు నాగానిషియా అంటున్నారు. ఏది రాయాలి?

కొత్తదే రాయండి. డీఎన్‌ఏ ఆధారంగా 2015లో క్రిప్టోకాకస్ గుంపుని విడగొట్టి, చలి ప్రాంతాల జాతులు చాలావాటిని నాగానిషియా, విష్ణియాకోజైమా లాంటి ప్రజాతుల్లోకి మార్చారు. మొదటిసారి ప్రస్తావించినప్పుడు పాత పేరు కూడా పక్కన పెడితే పాత వ్యాసాలు వెతికేవాళ్ళకు సులువు.

కల్చర్‌ని ఎలా దాచాలి?

తాజాగా పెరిగిన కణాల్ని 20 శాతం గ్లిసరాల్‌లో కలిపి చిన్న గొట్టాల్లో పోసి, మైనస్ 80 ఫ్రీజర్‌లో పెట్టండి. మామూలు మైనస్ 20 ఫ్రీజర్ వద్దు, అందులో మంచు పూర్తిగా స్థిరపడక స్ఫటికాలు పెరుగుతూ ఉంటాయి, ఆటో డీఫ్రాస్ట్ ఉన్నదైతే మరీ చెడ్డది. సైక్రోఫైల్స్‌ని గది వేడి తగలకుండా మొదటినుంచీ ఐస్ మీదే పట్టండి. తీసి వాడేటప్పుడు గొట్టాన్ని పూర్తిగా కరిగించవద్దు. పైపైన లూప్‌తో గీకి, వెంటనే లోపల పెట్టేయండి.